టీకా పిదప వచ్చు జ్వరమును గూర్చి

గత మాసమున సంఘ కార్యాలయమునొద్ద యూరియా పంపకము జరుగుచుండగా మన సభ్యులలో నొక రైతు వరుసలోనుండి వెడలి మాయొద్దకు వచ్చి, చొక్కా చేతిని పైకి మడిచి తన జబ్బను చూపెను. అంతకు నాలుగు దినములు ముందు తెల్లవారుజామున మడికి నీరు పెట్టబోవుచుండగా వీధికుక్క యొకటి అతని పిక్కను కరచినది. ఆ యుదయముననే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి మొదటి సూది వేయించుకొనెను. చీటిలో వ్రాసిన ప్రకారము మూడవ దినమున రెండవది వేయించుకొనెను. ఆ రాత్రి చేయి బరువెక్కి, ఒడలెల్ల కాగి, తల పగిలిపోవునట్లు నొచ్చినదట. "అయ్యా, కుక్క కరచినప్పుడైనను నేనింత బాధపడలేదు. ఈ మందు నా ఒంటికి పడలేదు. మిగిలిన సూదులు మానివేసెదను" అని యతడు చెప్పెను. వరుసలోనున్నవారిలో ఇద్దరు ముగ్గురు మానివేయుటయే మంచిదన్నట్లు తల యూచిరి.

ఆ తల యూచినవారిని చూచినప్పుడు మాకు 2021వ సంవత్సరపు వేసవి జ్ఞప్తికి వచ్చినది. ఆ సంగతి ముందుగా చెప్పి పిదప ఈ రైతు మాటకు వచ్చెదము.

దేశమున కోవిడ్ టీకాలు వేయుట 16 జనవరి 2021న ప్రారంభమయ్యెను. అరువది యేండ్లు దాటినవారికి మార్చి 1వ తేదీ నుండియు, నలువదియైదు నిండినవారి కందరికిని ఏప్రిల్ 1వ తేదీ నుండియు వేయసాగిరి. ఏప్రిల్ మాసమున మా ప్రక్క గ్రామమున సంఘపు గిడ్డంగి ఖాళీగా నుండుటచేత అచ్చటనే శిబిరము పెట్టిరి. పొలములవెంట తిరుగుచు విత్తనమును, సాగు పద్ధతులను చూపుట మా పని గాన రైతులు మా మాట విందురని తలచి, జనమును పోగుచేయు బాధ్యతను మాపై నుంచిరి. మేమును ఇంటింటికి తిరిగి, "ఏమియు కాదు, చీమ కుట్టినట్లుండును, అంతే" యని చెప్పితిమి. మాకప్పటికి నలువదియైదు నిండలేదు గనుక మేమింకను ఆ సూది వేయించుకొనలేదు. ఎరుగని సంగతిని ఎరిగినట్లు చెప్పితిమి.

ఆ రాత్రి అనేకుల యిండ్లలో జ్వరము వచ్చెను. కొందరు వణకిరి. కొందరు తెల్లవారి మంచముమీదినుండి లేవలేదు. అది మినుము నూర్పిడి సమయము. రెండు దినముల కూలి పోయినవారును, కళ్ళమున ధాన్యము విడిచి పడుకొన్నవారును మమ్ము తిట్టిరి. తిట్టుట న్యాయమే. జ్వరము రెండు దినములలో తగ్గినది గాని, చెప్పినదొకటి జరిగినదొకటి యయినందున మందులోనే మోసమున్నదను మాట ఊరంతయు వ్యాపించెను. మా పరిచయస్థులలో ఒక ముదుసలి కలదు. ఆమె కుమారుడు బస్తాలు మోయునంతటి బలిష్ఠుడు, అతడు రెండు దినములు పడుకొనెను. మేము రెండవ శిబిరమునకు పిలువబోగా ఆమె, "నాయనా, గట్టి పిల్లవాడే పడిపోయినాడు, నేను తట్టుకొందునా?" యని యడిగెను. వృద్ధులకు ఈ జ్వరము యువకులకంటె తక్కువగా వచ్చునని అప్పుడు మాకు తెలియదు. తెలిసినయెడల ఆ యొక్క మాట చెప్పియుందుము. ఆమె రాలేదు. మే మాసమున వ్యాధి ఆ వీధికి వచ్చినది. ఆమె మరి ఇంటికి తిరిగి రాలేదు. టీకా వేయించుకొనియున్న తప్పక బ్రతికియుండెడిదని మేము ప్రమాణము చేయజాలము. కాని ఆమె వేయించుకొనకపోవుటలో మా నోటి మాటకు భాగము కలదని మాత్రము నేటికిని తలచుచున్నాము.

మేము చదివిన మిషన్ పాఠశాలలో ధనుర్వాతపు సూదులు వేయు దినమున ఒక ఉపాధ్యాయురాలు మమ్ము వరుసగా నిలువబెట్టి, "ఇది నొచ్చును. రాత్రికి చేయి ఎత్తలేరు. ఎల్లుండికి తగ్గును. ఏడ్చువారు ఏడువవచ్చును" అని ముందే చెప్పెడిది. చేయి నొచ్చినప్పుడు మేము భయపడలేదు, ఆమె చెప్పినట్లే జరిగినదని యనుకొంటిమి. పది యేండ్ల బిడ్డలకు ఆమె చేసిన మర్యాదను పెద్దవారగు రైతులకు మేము చేయలేకపోతిమి. కనుక ఈసారి ఉన్నదున్నట్లు వ్రాయుచున్నాము.

టీకా వేసిన పిదప జ్వరమేల వచ్చును? పశువుల పెంపకము తెలిసిన మీకు దీనిని గ్రహించుట కష్టము కాదు. తొలకరికి ముందు గొంతువాపుకును, జబ్బవాపుకును గేదెలకు టీకాలు వేయింతుము. సూది దిగినచోట గడ్డవలె వాచుటయు, ఒకటి రెండు దినములు మేత తగ్గి పాలు తగ్గుటయు మీరు చూచియే యుందురు. గేదెకు గొంతువాపు వచ్చినదని యెవ్వరును అనుకొనరు. మనుష్యునియందును జరుగునది ఇదియే. టీకాలో నుండునది చచ్చిన సూక్ష్మజీవియో, దాని తునకయో, బలము తీసివేసిన జీవియో, లేక ఆ తునకను మన శరీరమే తయారుచేయుటకు కావలసిన గుర్తో అయి యుండును. శరీరములో కావలి కాయు కణములు దానిని శత్రువని యెంచి అచ్చటికి గుమిగూడును. ఆ చోట రక్తనాళములు వెడల్పగుటచే ఎరుపును, వేడియు, వాపును కలుగును. అవే కణములు కొన్ని పదార్థములను రక్తములోనికి విడుచును. ఆ పదార్థములు మెదడునకు చేరి, శరీరపు వేడిని కొంత పెంచుమని చెప్పును. అప్పుడు చలియు, వణకును, కీళ్ళ నొప్పులును, తలనొప్పియు, నీరసమును వచ్చును. ఇది పోరాటపు శబ్దమే గాని వ్యాధి గాదు. సామాన్యముగా ఆ దినమున గాని మరునాడు గాని మొదలై, ఒకటి రెండు దినములలో, హెచ్చుగా మూడు దినములలో, తనంతట తాను సర్దుకొనును.

అయితే జ్వరము రానివానికి టీకా పట్టలేదని యనుకొనుట పొరపాటు. పూర్వము వైద్యులుకూడ కొందరట్లే తలచెడివారు. మహామారి బొంబాయి నగరమును పీడించుచుండగా హాఫ్‌కిన్ పండితుడు తాను చేసిన టీకాను 10 జనవరి 1897న మొదట తన శరీరముననే వేయించుకొని, జ్వరమును నొప్పిని తానే అనుభవించి చూచెను. ఆ కాలమున గట్టి జ్వరము వచ్చుటయే మందు పనిచేయుటకు గుర్తని భావించిరి. నేడు తెలిసినది వేరు. జ్వరము రాకున్నను రక్షణ కలుగును. ఒకే టీకా అన్నకు జ్వరము తెచ్చి తమ్మునికి తేకపోవచ్చును. కోవిషీల్డు మొదటి మోతాదు హెచ్చుగా బాధించి రెండవది తేలికగా పోయెడిది. ఇతర దేశములలో వేసిన కొన్ని టీకాలు రెండవసారియే హెచ్చు జ్వరము తెచ్చెడివి. కనుక పొరుగువాని యనుభవమునుబట్టి మన యనుభవమును లెక్కగట్టరాదు.

ఇక చేయవలసిన పనులు. మొదటిది, ఖాళీ కడుపుతో పోకుడు. ఉపవాసముండి ఎండలో నడచి వచ్చి, సూదిని చూచి భయపడి, కన్నులు తిరిగి పడినవారిని మేము ఆ శిబిరముననే ముగ్గురిని చూచితిమి. అది మందు దోషము గాదు. వెల్లకిల పరుండబెట్టి కాళ్ళు కొంచెము ఎత్తి యుంచిన కొద్ది నిమిషములలో తేరుకొందురు. సూది వేయించుకొన్న పిదప నర్సమ్మ చెప్పినంతసేపు, అనగా సుమారు అరగంట, అచ్చటనే కూర్చుండవలెను. కోతకు తొందరయని వెంటనే బండి ఎక్కి పోవువారు పలువురు. ఆ అరగంట యెందులకో క్రింద చెప్పెదము.

ఇంటికి వచ్చిన పిదప ఆ చేతిని కట్టివేసినట్లు ఉంచక నెమ్మదిగా ఆడించుచుండిన నొప్పి త్వరగా తగ్గును. చల్లని నీటిలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డను వాపుమీద వేయవచ్చును. పసుపు, సున్నము, ఆముదము, ఆకు పసరు పూయరాదు. గట్టిగా రుద్దరాదు. కాపడము పెట్టరాదు. గంజి, మజ్జిగ, కొబ్బరినీరు, మంచినీరు తరచు త్రాగవలెను. జ్వరముగాని నొప్పిగాని హెచ్చుగా నున్నయెడల పెద్దవారు పారాసిటమాల్ 500 లేక 650 మిల్లీగ్రాముల మాత్ర యొకటి వేసికొని, మరల కావలసినచో ఆరు గంటలు గడచిన పిదప వేసికొనవచ్చును. దినమునకు నాలుగు మించరాదు. జ్వరము రాకముందే వేసికొనుట అనవసరము. అంగడిలో జలుబునకు, ఒంటి నొప్పులకు ఇచ్చు రంగు మాత్రలలో చాలవరకు ఇదే పారాసిటమాల్ కలిసి యుండును గనుక రెండును కలిపి మింగుట ప్రమాదము. కాలేయపు జబ్బు గలవారును, ప్రతిదినము కల్లు సారాయి త్రాగువారును వైద్యునడిగి గాని ఈ మాత్ర ముట్టరాదు. ఒంటి నొప్పులు పోవునని ఆ సాయంత్రము త్రాగుట మరియు చెడ్డది.

మన గ్రామములలో నింకొక యలవాటు కలదు. కొంచెము ఒడలు వెచ్చబడగానే ఊరి ఆర్.ఎం.పి.ని పిలిచి సెలైను ఎక్కించుకొందురు, అతడందులో ఒకటి రెండు సూదులు కలుపును. నోటితో గంజి త్రాగగలవానికి సెలైను పనిలేదు. అతడు కలుపు స్టెరాయిడు సూదివలన జ్వరము మాయమగును గాని, దానితోబాటు టీకా లేపిన కావలికణములు కూడ మందగించును. దుడ్లిచ్చి కొన్న టీకాను మరల దుడ్లిచ్చి చెరపుకొనుట యన్నమాట. యాంటీబయాటిక్ మాత్రలకును ఇచ్చట పనిలేదు.

సాగుపనిని గూర్చి ఒక మాట. టీకా వేసిన దినమునను మరునాడును పురుగుమందు పిచికారి పెట్టుకొనకుడు. భుజము నొచ్చుచున్నప్పుడు వీపున పంపు మోయుట కష్టము. ఇది చిన్న సంగతి. పెద్ద సంగతి యేమనగా, పురుగుమందు విషము సోకినప్పుడును తలనొప్పి, వాంతి, నీరసము, చెమట కలుగును. టీకా వలన కాబోలునని ఇంట పరుండినయెడల ప్రాణమునకే మోసము వచ్చును. అట్లే వైశాఖపు ఎండలలో జ్వరముతో పొలమునకు పోయినవానికి వడదెబ్బ తగులుట సులభము. ఒడలు కాగుచు చెమట పట్టక, మాట తడబడినయెడల అది టీకా జ్వరము గాదు. వెంటనే నీడకు చేర్చి ఒడలు తడిపి ఆస్పత్రికి తీసికొనిపోవలెను. నూర్పిడి, నాట్లు దగ్గరపడియున్నప్పుడు ఇంటిలోని వారందరు ఒకే దినమున వేయించుకొనక రెండు వంతులుగా పోవుట మంచిది. పాలు పితుకువారొకరు లేచి తిరుగుచుండవలెను గదా. కుక్కకాటు సూదికి మాత్రము ఈ వాయిదా చెల్లదు.

ధనుర్వాతపు సూది సంగతి విడిగా చెప్పవలెను. కొడవలి తెగినను, ముల్లు గ్రుచ్చినను, మేకు దిగినను వెంటనే ఒక సూది వేయించుకొనుట మనవారికి పరిపాటి. ఒకే సంవత్సరమున మూడుమారులు వేయించుకొన్న రైతును మేమెరుగుదుము. మూడవసారి అతని చేయి భుజము మొదలు మోచేతివరకు వాచి ఎర్రబడినది. మందు చెడ్డదని యందరు నన్నారు. మందు చెడ్డది కాదు, హెచ్చయినది. రక్తమున ఇదివరకే పుష్కలముగా రక్షణ యుండగా మరల మరల వేసినయెడల రెండును ఆ చోట పెనగులాడి అంత వాపు కలిగించును. చిన్ననాటి మోతాదులన్నియు పూర్తియైనవానికి పదేండ్ల కొకటి చాలును. పేడ, మన్ను పడిన గాయమో లోతైన గాయమో అయినచో, కడపటి సూది వేసి అయిదేండ్లు దాటియున్న మరల వేయుదురు. ఇప్పుడు వేయు టి.డి. సూదిలో ధనుర్వాతముతోబాటు కంఠసర్పికిని రక్షణ కలదు. కనుక ఏనాడు వేయించుకొంటిరో ఆ తేదీ వ్రాసి పట్టాదారు పాసుపుస్తకముతో బాటు దాచుడు. తేదీ తెలియని వానికి వైద్యుడు మరల వేయక తప్పదు.

ఇప్పుడు ఆ అరగంట మాట. అతి స్వల్పముగా, సూది వేసిన కొద్ది నిమిషములలోనే శరీరము తీవ్రముగా తిరుగబడుట కలదు. ఒడలెల్ల దద్దుర్లు లేచును. పెదవులు, ముఖము వాచును. ఊపిరి బిగియును, పిల్లికూతలు వచ్చును, నాడి పడిపోవును. తొడకండలో ఎడ్రినలిన్ సూది వేసిన మనుష్యుడు తేరుకొనును. అది నర్సమ్మ పెట్టెలో నుండును, మీ పొలము గట్టున నుండదు. ఎప్పుడైనను ఏ మందుకైనను ఇట్లు జరిగియున్నవారు ముందే ఆ సంగతి చెప్పవలెను.

మరికొన్ని సందర్భములలో ఇంట కూర్చుండరాదు. జ్వరము మూడు దినములు దాటినయెడల టీకాను నిందించుట మాని రక్తపరీక్ష చేయించుకొనుడు. మలేరియా, డెంగీ, టైఫాయిడు టీకా చాటున దాగి వచ్చుట కలదు. సూది వేసిన చోట ఎరుపు దినదినము పెరుగుచు, వేడిగా గట్టిపడి చీము పట్టినయెడల చూపించుకొనవలెను. కోవిషీల్డు వంటి టీకాల పిదప నాలుగు దినములు మొదలు నాలుగు వారములలోపల, తగ్గని తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట, రొమ్మునొప్పి, ఆయాసము, ఒక కాలు వాచుట, చర్మముపై సూదిమొనలవంటి ఎర్రని చుక్కలు కనిపించినచో నెత్తురు గడ్డకట్టుచున్నదేమో యని అనుమానింపవలెను. మన దేశమున 2021 మే మాసమున ప్రకటించిన లెక్క ప్రకారము ఇది పది లక్షల మోతాదులకు 0.61 మాత్రమే. అరుదైనది లేనిది గాదు. అట్టివారికి 108 బండి పిలిచి, టీకా వేయించుకొన్న తేదీ వైద్యునికి తప్పక చెప్పవలెను. ఏ బాధ కలిగినను ఆశా కార్యకర్తతోనో నర్సమ్మతోనో చెప్పి వ్రాయింపుడు. పల్లెనుండి వ్రాయబడిన మాటలు పోగైనప్పుడే అరుదైన దోషములు బయటపడును.

రైతులు కుక్కకాటు సూదికి భయపడుట కేవలము మూఢత్వము గాదు. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులు వేయించుకొన్న పెద్దవారు మన గ్రామములలో నేటికిని కలరు. ఆ మందు 1911లో కసౌలిలో సెంపుల్ అను వైద్యుడు ఏర్పరచిన పద్ధతిచే గొఱ్ఱె మెదడునుండి చేయబడునది. అది లక్షలమందిని కాపాడినది. కాని అందులోని మెదడు పదార్థమువలన కొందరికి పక్షవాతము వంటి బాధలు కలిగెను, ప్రాణములు పోయినవారును కలరు. తాతలు చెప్పిన భయములో నిజము కలదు. అయితే ఆ మందు చేయుట మన దేశమున 2004 చివర మానివేయబడినది. ఇప్పటి టీకా వేరు జీవకణములలో పెంచి శుద్ధిచేసి చంపినది. అందు మెదడు పదార్థము లేదు, బొడ్డుకు వేయరు, జబ్బకే వేయుదురు. చేయి నొప్పి, కొంచెము జ్వరము, తలనొప్పి, ఎక్కువగా ఇవియే దాని బాధలు.

మేము ఆ రైతుతో ఈ మాటలన్నియు చెప్పితిమి. యూరియా బస్తాలమీద కూర్చుండబెట్టి చెప్పుటకు గంట పట్టినది, గుమాస్తా విసుగుకొనెను. ఇంకొకటియు చెప్పితిమి. రేబీసు మెదడునకెక్కి లక్షణములు కనబడిన పిదప వైద్యము లేదు, మరణమే. రెండు దినముల జ్వరమును, దానిని ఒకే త్రాసులో పెట్టి తూచుటకు వీలులేదు. కండలో వేయు పద్ధతిలో మొదటి సూది దినమును సున్నగా లెక్కించి 3, 7, 14, 28 దినములలో తక్కినవి పడును. చర్మములో వేయు పద్ధతిలో 0, 3, 7, 28 దినములు. ఏ పద్ధతిలో మొదలుపెట్టిరో చీటిలోనే యుండును. నడుమ జ్వరము వచ్చినదని మానరాదు. కాటుకు మొదటి మందు సబ్బునీరు, పారు నీటిక్రింద పదునైదు నిమిషములు కడుగవలెను. ఇతడు కారము పూసి వచ్చెను. అది అతని భార్య అత్తవారింట నేర్చిన వైద్యమట.

"ఈసారి కూడ జ్వరము వచ్చునా?" యని యడిగెను. రావచ్చును, రాకపోవచ్చును, వచ్చినయెడల రెండు దినములలో పోవునని చెప్పితిమి. చీమ కుట్టినట్లుండునని మాత్రము చెప్పలేదు. ఏడవ దినపు సూదికి తానే పోయి వచ్చి, చేయి మాత్రమే నొచ్చినదని కబురుచేసెను. పదునాలుగవది కూడ అయినది. ఇరువదియెనిమిదవ దినము వచ్చు బుధవారమునాడు పడును. ఆనాడే డి.ఏ.పి. లారీ వచ్చునట్లున్నది. అతని వంతు బస్తాలు తీసి ప్రక్కనుంచెదనని గుమాస్తా యొప్పుకొనెను.